ప్లంబర్ కూలీ, పాట మీద వాటా

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా రాక్ బృందం నిర్వాణ 'ఇన్ యుటెరో' ఆల్బమ్ మీద వేసిన వ్యాసం చదివాను. తెలుగు పత్రిక ఆ సంగీతానికి అర పేజీ ఇచ్చినందుకు సంతోషం. కానీ దాన్ని రికార్డ్ చేసిన స్టీవ్ ఆల్బినీని రాయల్టీ వదులుకున్న త్యాగమూర్తిగా నిలబెట్టారు. ఇరవై రెండేళ్లుగా సౌండ్ ఇంజనీర్‌గా రికార్డింగ్ గదుల్లో బతుకుతున్న నాకు ఆ మాట మింగుడు పడలేదు.

ఆ పనికి ఆయన లక్ష డాలర్లు తీసుకున్నాడు. 1993లో అదేమీ చిల్లర డబ్బు కాదు. వద్దన్నది అమ్మకాల మీద వాటాని, అంటే రాయల్టీని. బృందానికి ముందుగానే రాసిన ఉత్తరంలో లెక్క కూడా కట్టాడు: 30 లక్షల కాపీలు పోతే తన వాటా 4 లక్షల డాలర్ల దాకా వస్తుందని, అంత తీసుకుంటే నిద్ర పట్టదని. ప్లంబర్‌కి ఇచ్చినట్టు నా పనికి తగ్గ కూలీ ఇవ్వండి చాలన్నాడు. పాట వాళ్ళది, జనం కొనేది వాళ్ళ కోసం, కాబట్టి ఏళ్ల తరబడి వచ్చే డబ్బూ వాళ్ళదే అని ఆయన లెక్క. అట్ట మీద 'నిర్మాత' అని కాకుండా 'రికార్డ్ చేసినది' అనే వేయించుకున్నాడు. తన పని ఎక్కడిదాకానో తెలిసిన మనిషి. ఇందులో త్యాగం ఎక్కడుంది?

ఆ పని ఎలా జరిగిందో మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చెట్ల మధ్యనున్న ప్యాకిడెర్మ్ స్టూడియో, ఫిబ్రవరి చలి, మొత్తం రెండు వారాలు. డ్రమ్స్ చుట్టూ ముప్పై దాకా మైకులు. వేగంగా సాగే ఒకటి రెండు పాటలకైతే డ్రమ్స్‌ని వంటగదిలోకి మార్చారు, ఆ గోడల మధ్య సహజంగా వచ్చే గుంయ్‌మనే మోత కోసం. (ఇది చదివి నేనూ మా ఇంటి వంటగదిలో డోలక్ వాయించి చూశాను. మోత బాగానే వచ్చింది, కింది వాటావాళ్ళే పైకొచ్చారు.)

రికార్డు కంపెనీ బలవంతం మీద పాటలు మార్చారన్న మాట కూడా సగమే నిజం. కంపెనీకి నచ్చని మాట వాస్తవం. అయితే గొంతు, బేస్ గిటార్ సరిగా వినబడటం లేదని బృందం గాయకుడు కర్ట్ కొబేన్‌కే అనిపించింది. రెండు పాటల్ని స్కాట్ లిట్ అనే మరో నిర్మాత చేత మళ్ళీ మిక్స్ చేయించారు, అంటే గొంతు, వాయిద్యాల పాళ్ళు మళ్ళీ సరిచేయించారు. కంపెనీ ఒత్తిడి అని ఒక పత్రిక రాస్తే, కాదంటూ బృందమే బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రికలో పూర్తి పేజీ జవాబు వేయించింది. నిజంగా తల వంచింది తర్వాత, వాల్‌మార్ట్ లాంటి పెద్ద దుకాణాలు అమ్మడానికి ఒప్పుకోవాలని వెనక అట్టనీ, ఒక పాట పేరునీ మార్చినప్పుడు.

ఇక అసలు సంగతి. వాటా ఇస్తామన్నారు కాబట్టి ఆల్బినీ వద్దనగలిగాడు. ఇక్కడ మాకు ఇస్తామన్నది ఎవరు? 2012లో మన దేశంలో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాట రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీ హక్కు గట్టి చేశారు, మంచిదే. రికార్డింగ్ ఇంజనీర్‌కి అందులో చోటు లేదు. నేనూ అడగను, ఆల్బినీ చెప్పినట్టు పాట వాళ్ళది. కూలీ మాత్రం చేతికి రావాలి కదా. పోయినేడాది చేసిన ఒక పాట డబ్బు పాట బయటికొచ్చిన ఏడు నెలలకి వచ్చింది, అదీ సగం. ప్లంబర్ అయితే కుళాయి విప్పుకుపోయేవాడు.

అందుకని మిమ్మల్ని కోరేది ఒక్కటే. పాటల సమీక్షల్లో సంగీతం, సాహిత్యం, గానం అని మూడు పేర్లు వేసి ఆపేస్తున్నారు. నాలుగో వరుసలో రికార్డింగ్ ఎవరిదో కూడా వేయండి. ఆ పేరు దొరకడం లేదంటే కబురు చేయండి, ఈ చుట్టుపక్కల నాకు తెలియని స్టూడియో లేదు, కనుక్కుని చెబుతాను.

– ఒక సౌండ్ ఇంజనీర్, కృష్ణానగర్, హైదరాబాద్