ఆవిరి కొనేవాళ్లు లేని రోజు లెక్క కూడా అడగండి

కాలుష్య నియంత్రణ అధికారి గారికి,

నమస్కారం. మా పక్కనున్న కార్ఖానాలకు ఆవిరి, విద్యుత్తు రెండూ ఇచ్చే బొగ్గు ప్లాంటు విస్తరణ దరఖాస్తు మీ ముందుంది. ప్లాంటే వద్దని నేను రాయడం లేదు. విద్యుత్తు ఒక్కటే తీసే బొగ్గు కేంద్రం ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా వేడిగా పారబోస్తుంది. టర్బైన్ తిప్పిన ఆవిరినే పరిశ్రమలకు పంపితే వినియోగం 80 శాతం దాకా చేరుతుంది. కాదనను.

అయితే ఆ అంకె ఆవిరి కొనేవాళ్లు ఉన్నంతసేపే. అద్దకం, కాగితం యూనిట్లు మూతపడిన రోజున బొగ్గు కాలుతూనే ఉంటుంది, ఆవిరికి గిరాకీ ఉండదు. దరఖాస్తులో చూపింది పూర్తి లోడు లెక్క. ఏడాదిలో నిజంగా అమ్ముడయ్యే ఆవిరి ఎంతో రాయించండి.

పొగ సంగతి ఇంకా ముఖ్యం. చల్లారిన బాయిలర్‌ను ముందు నూనెతో వెలిగిస్తారు. మసి, మంట ప్రమాదం వల్ల ధూళిని పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్‌కు ఆ కాసేపు కరెంటు ఇవ్వరు. చిమ్నీ నల్లగా కక్కేది అప్పుడే. సగటు తీసేటప్పుడు ఆ గంటలను పక్కన పెడితే ఎవరికి మేలు? డాబాల మీద ఆరేసిన బట్టలు మాత్రం వాటిని లెక్కలోంచి తీసేయవు.

గంటగంటకూ చిమ్నీ రీడింగులు, వెలిగించే గంటలతో సహా, గేటు బయట బోర్డు మీద కనిపించాలి. బూడిద లారీలు తడిపి, టార్పాలిన్ కప్పాకే కదలాలి. ఇవి అనుమతి పత్రంలోనే షరతులుగా ఉండాలి, సంతకానికి ముందే.

ఇట్లు,
ప్లాంటు పక్క కాలనీవాసి