వేళచ్చేరి నుంచి నాన్నకు

చెన్నై,
ఆదివారం రాత్రి

నాన్నకు,

ఇక్కడ అందరం బాగున్నాం. పిల్లాడి జలుబు తగ్గింది. ఫోన్లో "కారు బాగైంది" అని ఒక్క ముక్కలో తేల్చేశానని అలిగావట, అమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

సిగ్నల్ దగ్గర ఆగి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజను వణికి ఆగిపోయేది. ఏసీ వేస్తే మరీను. కాలు ఆనిస్తే మాత్రం ఏ రోగమూ లేనట్టు నడిచేది. కత్తిపారా దగ్గర రెండుసార్లు ఆగింది. వెనక ఒకటే హారన్లు, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

మెకానిక్ స్కానర్ పెడితే పి0505 అని తప్పు చూపించే కోడు వచ్చింది. "ఐడిల్ వాల్వ్ పోచ్చు, మాత్తిడలాం సార్" అన్నాడు, వాల్వ్ పోయింది, మార్చేద్దాం అని. 4,500 రూపాయలట. ఆ కోడు ఐడ్లింగ్, అంటే కాలు తీసినప్పుడు ఇంజను ఆగకుండా నెమ్మదిగా తిరగడం, చూసే ఏర్పాటులో ఎక్కడో తేడా ఉందంటుందే గానీ, వాల్వే పోయిందని చెప్పదు. రీవైండింగ్‌కి మోసుకొచ్చిన మోటార్లని కాయిల్ బాగుందని చెప్పి ఎన్నిసార్లు వెనక్కి పంపలేదు నువ్వు! ఈరోజు పొద్దున్నే నీ పాత ముల్లు మీటరు తీశాను.

ఇంజనుకి గాలి వదిలే మూత, థ్రాటిల్, మూసుకున్నప్పుడు దాని పక్కనున్న సన్నటి దారిలోంచి గాలి లోపలికి పోతుంది. ఆ దారి ఎంత తెరవాలో చూసేది ఒక బుల్లి స్టెప్పర్ మోటారు, మెకానిక్ అన్న ఐడిల్ వాల్వ్‌లో ఉండేది ఇదే. రెండు కాయిళ్లు, నాలుగు వైర్లు. కారులోని కంప్యూటర్ పల్సులు పంపేకొద్దీ అది మెట్టు మెట్టుగా జరుగుతుంది. ఏసీ లోడు పడగానే ఇంకాస్త తెరవాలి. మనదాంట్లో అదే జరగట్లేదు.

మసి తుడిచాను, లాభం లేదు. కాయిళ్లు కొలిచాను, రెండూ ఇంచుమించు 50 ఓములు. అంటే మోటారు కాయిళ్లు మంచివే. ఇక మిగిలింది వైరింగు. బ్యాటరీ నెగటివ్ విప్పి, కంప్యూటర్ సాకెట్ ఊడదీసి, ఒక్కో వైరూ ఈ చివర నుంచి ఆ చివరకి చూశాను. మూడింటికి ముల్లు సరిగ్గా లేచింది. నాలుగోది పట్టుకుని వంచితే లేస్తుంది, వదిలితే పడిపోతుంది! కనెక్టర్ విప్పితే లోపల పిన్ను చుట్టూ పచ్చటి చిలుము. డిసెంబరు వానకి మా వీధిలో నిలిచిన నీళ్ల పుణ్యమే అనుకుంటా. ఒక కాయిలుకి కరెంటు తెగితే స్టెప్పర్ ఉన్నచోటే వణుకుతుంది తప్ప అడుగు వేయదు.

పాత కారు పార్టులు అమ్మే పుదుప్పేటలో వైర్లతో సహా పాత కనెక్టర్ 180 రూపాయలకి దొరికింది. టంకం వేసి స్లీవు ఎక్కించాను. బ్యాటరీ విప్పినందుకు కాసేపు ఐడ్లింగ్ ఎగిరి పడింది, తర్వాత నిమిషానికి 800 చుట్ల దగ్గర కుదురుకుంది. ఏసీ వేసినా ఆగలేదు.

బోరు మోటారు అప్పుడప్పుడు ట్రిప్ అవుతోందన్నావు గదా, స్టార్టర్లో టెర్మినళ్లు విప్పి చూశావా? నవ్వకు.

నీ
చిన్నోడు