యంత్రంలో వేసే సిమ్ చిన్న వ్యాపారికీ అందాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆక్వా చెరువుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో, పాల శీతలీకరణ కేంద్రాల్లో మొబైల్ నెట్‌వర్క్‌తో పనిచేసే స్మార్ట్ పరికరాల వాడకం పెరుగుతోందన్న వార్తలు మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచుగా వస్తున్నాయి. అవి నిజమే, నేనూ వాడుతున్నాను. అయితే ఆ పరికరాల ధర గురించి, సబ్సిడీ గురించి రాసినంతగా వాటిలో వేసే సిమ్ గురించి ఎవరూ రాయడం లేదు. సిమ్ పలకకపోతే ఎంత ఖరీదైన పరికరమైనా మూగదే. ఆ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను పశ్చిమ గోదావరి జిల్లా ఆకివీడు మండలంలో 14 ఎకరాల్లో వనామీ రొయ్యలు సాగు చేస్తూ, ఊళ్లోనే మేత, మందుల దుకాణం నడుపుతున్నాను. చెరువుల సంగతి తెలియని పాఠకుల కోసం ఒక్క మాట చెప్పాలి. పగలు ఎండ ఉన్నంతసేపూ నీటిలోని పాచి ప్రాణవాయువును ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పాచి రొయ్యలతో పోటీపడి ఆ ప్రాణవాయువును పీల్చుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున నీటిలో డీవో, అంటే కరిగి ఉన్న ప్రాణవాయువు, అన్ని వేళలకంటే తక్కువగా ఉంటుంది. అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందికి దిగితే రొయ్య తట్టుకోవడం కష్టం. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ భయం లేదు గానీ, ఆ వేళలో కరెంటు పోయి జనరేటర్ వేయడం ఆలస్యమైతే నాలుగు నెలల కష్టం రెండు గంటల్లో నీటిపాలవుతుంది.

ఈ భయంతోనే మూడేళ్ల కిందట స్టార్టర్ బాక్సు పక్కన ఒక అలారం పరికరం పెట్టించాను. అరచేతిలో పట్టేంత పెట్టె. లోపల చిన్న బ్యాటరీ, ఒక సిమ్. కరెంటు మూడు ఫేజుల్లో ఏ ఒక్కటి పోయినా వరుసగా మూడు నంబర్లకు ఫోన్ చేస్తుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడిని ఏ సిమ్ వేయాలని అడిగితే "ఏ సిమ్మైనా సరిపోద్దండి" అన్నాడు. ఇంట్లో వాడకుండా పడి ఉన్న ప్రీపెయిడ్ సిమ్ ఒకటి తీసి వేశాం. రెండేళ్లు అది చక్కగా పనిచేసింది. అర్ధరాత్రి దాని ఫోన్‌తో లేచి జనరేటర్ వేయించిన సందర్భాలు పదికి తక్కువ ఉండవు.

నిరుడు శ్రావణంలో మబ్బు పట్టిన ఒక రాత్రి రెండు గంటలు దాటాక మా లైనులో ఒక ఫేజు పోయింది. నాకు ఫోన్ రాలేదు, మా అబ్బాయికీ రాలేదు, కాపలా మనిషికీ రాలేదు. నాలుగున్నరకు అతను లేచి చూసేసరికి ఏరేటర్లు ఆగి ఉన్నాయి, రెండెకరాల చెరువులో గట్టు పొడవునా రొయ్యలు తేలి ఉన్నాయి. నేను వెళ్లేసరికి టార్చి వెలుగులో నీటి అంచు అంతా ఎర్రటి కళ్లే. ఉన్నపళంగా వల వేయించి పట్టుబడి పట్టించాం. చచ్చినదాన్ని సగం ధరకు కూడా కొనేవారు లేరు.

తెల్లవారాక అలారం పెట్టె మూత తీసి చూశాను. బ్యాటరీ నిండుగా ఉంది. నెట్‌వర్క్ దీపం మూడు సెకన్లకోసారి వెలిగి ఆరుతోంది. అంటే సిమ్ టవర్‌ను పట్టుకునే ఉంది. ఆ దీపాన్ని నేను రోజూ చూసేవాణ్ని, అది వెలుగుతోంది కాబట్టి అంతా బాగుందనుకునేవాణ్ని. సిమ్ తీసి ఫోన్‌లో వేశాక అసలు విషయం బయటపడింది. రీచార్జి గడువు నాలుగు రోజుల కిందట ముగిసి, అవుట్‌గోయింగ్ ఆగిపోయింది. గడువు అయిపోవస్తోందని హెచ్చరించే మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి గానీ, అవన్నీ ఆ సిమ్‌కే, చెరువు గట్టు మీద తాళం వేసిన పెట్టెకే వచ్చాయి. వాటిని చదివేదెవరు? ప్రీపెయిడ్ ఏర్పాటంతా ఫోన్‌ను చేతిలో పట్టుకుని రోజూ చూసుకునే మనిషి కోసం కట్టినది. తప్పు నాదీ ఉంది, గడువు తేదీ నేను రాసిపెట్టుకోవలసింది. అయినా యంత్రానికి మనిషి సిమ్ వేసినంతకాలం ఇలాంటి ప్రమాదం ఎవరికో ఒకరికి తప్పదని అప్పుడే అర్థమైంది.

యంత్రాల కోసం వేరే సిమ్ ఉందని ఆ తర్వాతే తెలుసుకున్నాను. దాన్ని ఎంటూఎం సిమ్ అంటారు, అంటే యంత్రానికీ యంత్రానికీ మధ్య నడిచే కనెక్షన్. 2018 జులై నుంచి ఈ కనెక్షన్లకు పది అంకెలకు బదులు 13 అంకెల నంబరు ఇస్తున్నారు. ఆ ఏడాది మొదట్లో మన అందరి ఫోన్ నంబర్లూ 13 అంకెలకు మారిపోతాయని పెద్ద పుకారు నడిచింది, పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నిజానికి ఆ మార్పు యంత్రాల సిమ్‌లకు మాత్రమే. మనుషులకు పది అంకెల నంబర్లు కొరత పడకూడదనే అలా చేశారు. అదే ఏడాది మే నెలలో కేంద్ర టెలికాం శాఖ ఈ సిమ్‌లకు కొన్ని కట్టుబాట్లు పెట్టింది. ముందుగా నిర్ణయించిన నంబర్లకే కాల్, మెసేజ్ వెళ్లాలి, వాటి నుంచే రావాలి. డేటా కూడా ముందుగా చెప్పిన ఇంటర్నెట్ చిరునామాలకే పోవాలి. దొంగ ఎవడైనా పెట్టె పగలగొట్టి సిమ్ ఎత్తుకుపోయినా అది అతని చేతిలో దేనికీ పనికిరాదు. బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకున్న రైతులకు ఈ కట్టుబాటు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. సాధారణ సిమ్ వేసిన స్టార్టర్‌కు లోను కావాలా అంటూ ప్రకటనల కాల్స్ కూడా వస్తుంటాయి. వాటిని ఎత్తుతూ అది తీరిక లేకుండా ఉన్నప్పుడు రైతు చేసిన కాల్ బిజీ వస్తుంది.

ఈ ఏర్పాటు ఎంత సాఫీగా నడవగలదో చూడాలంటే దూరం వెళ్లనక్కరలేదు. నా దుకాణం గల్లాపెట్టె మీద యూపీఐ సౌండ్ బాక్సు ఉంది. అందులోనూ సిమ్ ఉంది, దాని నంబరేమిటో నాకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. నెలకింతని అద్దె నా ఖాతాలోంచి పోతుంది, ఎవరైనా డబ్బు వేస్తే అది పలుకుతుంది. దాని సిమ్ బతికి ఉందో లేదో కంపెనీవారే చూసుకుంటారు. ప్రజారవాణా వాహనాల్లో తప్పనిసరి చేసిన ట్రాకింగ్ పరికరాలదీ అదే పద్ధతి. 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ నియమం ప్రకారం సిమ్‌ను ఊడదీయడానికి వీల్లేకుండా పరికరంలోనే అమరుస్తారు. పెద్ద సంస్థ చేతిలో ఉన్నప్పుడు యంత్రపు సిమ్ ఇంత నమ్మకంగా పనిచేస్తుండగా, పది పరికరాలున్న చిన్న వ్యాపారికి మాత్రం అదే సిమ్ దొరకదు. మా పట్టణంలో మూడు సిమ్ దుకాణాల్లో అడిగాను. ఒకాయనకు ఆ పేరే తెలియదు. ఇంకొకాయన ఫోన్‌లో ఎవరినో కనుక్కుని, కంపెనీ పేరు మీద వందల సంఖ్యలో తీసుకునేవారికే ఇస్తారని చెప్పాడు.

దాంతో మేమందరం మళ్లీ మనుషుల సిమ్‌లనే వాడుతున్నాం, దానివల్ల మరో చిక్కు వస్తోంది. ఒక వ్యక్తి పేరు మీద తొమ్మిదికి మించి సిమ్‌లు ఉండకూడదు. మోసాలను అరికట్టడానికి అది మంచి నిబంధనే, నేను దాన్ని తప్పుపట్టను. అయితే ఏడు చెరువులకు ఏడు అలారాలు, ఒక సీసీ కెమెరా, మేత వ్యానుకు ట్రాకర్ ఉన్నవాడికి సొంత ఫోన్‌కు సిమ్ తీసుకునే హక్కే మిగలదు. అందుకని భార్య పేరున కొన్ని, బావమరిది పేరున కొన్ని, కొందరైతే పాలేరు పేరున కూడా సిమ్‌లు తీసుకుంటున్నారు. టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో తన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో ఎవరైనా చూసుకోవచ్చు. ఆ సదుపాయం మొదలైంది కూడా మన రెండు రాష్ట్రాల్లోనే. మా దగ్గర పనిమానేసిన ఒకతను అందులో చూసుకుని, తనకు తెలియని నంబరు ఉందని రాసిపెట్టాడు. అతను చేసింది న్యాయమే, కాని ఆ నంబరు మా పొరుగు రైతు ఏరేటర్ల అలారంలో ఉంది. అది ఆగిపోయిందని తెలియడానికి పదిహేను రోజులు పట్టింది. అదృష్టం కొద్దీ ఆ రోజుల్లో కరెంటు పోలేదు.

ధర సంగతీ ఆలోచించాలి. ఐదు నిమిషాలకోసారి డీవో చూసి పంపే సెన్సార్ రోజుకు 288 సార్లు పలుకుతుంది. ఒక్కోసారి వంద బైట్లు పంపినా రోజుకు 30 కేబీ కూడా కాదు. పంపడంలో అదనంగా అయ్యే డేటా కలుపుకున్నా నెలకు కొద్ది ఎంబీలు మించదు. దానికి రోజుకు జీబీల లెక్కన ఇచ్చే ప్యాకు వేయించుకోవలసి వస్తోంది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే పరిమితమైన ప్యాకులు తప్పనిసరిగా ఉండాలని చెప్పి, ప్రత్యేక ప్యాకుల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల వరకు పెంచుకోనిచ్చింది. అది మాకు కొంత మేలు చేసింది, నేనిప్పుడు ఏడాది ప్యాకే వేయిస్తున్నాను. అయినా ఆ ధర రోజంతా మాట్లాడే మనిషిని దృష్టిలో పెట్టుకుని కట్టినదే తప్ప, ఏడాదికి ఇరవైసార్లు మోగే అలారం కోసం కట్టినది కాదు.

కొనేవారు అడగవలసిన మరో ప్రశ్న ఉంది. మార్కెట్లో చవకగా దొరికే పరికరాల్లో చాలావరకు 2జీ మీద మాత్రమే పనిచేస్తాయి. 2016లో వచ్చిన జియోకు 2జీయే లేదు, ఎయిర్‌టెల్ తన 3జీని 2020 నాటికే మూసేసింది. 2జీ మన దగ్గర ఇంకా నడుస్తోంది గానీ, ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా 2016 చివర్లో దాన్ని ఆపేసింది. అమెరికాలో ఏటీఅండ్‌టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపినప్పుడు ఇళ్లలోని పాత అలారాలు మార్చుకోవలసి వచ్చింది. మన చెరువు గట్ల మీద పెట్టెలకూ ఆ రోజు రాకమానదు. పదేళ్లు పనిచేస్తుందని చెప్పి అమ్మే పరికరం ఏ నెట్‌వర్క్ మీద నడుస్తుందో అట్టపెట్టె మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి.

టెలికాం శాఖ, ట్రాయ్, కంపెనీలు ఈ విషయం మీద దృష్టి పెట్టాలని మనవి చేస్తున్నాను. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు గానీ, మత్స్యశాఖ ఇచ్చిన చెరువు లైసెన్సు గానీ చూపితే ఐదో పదో ఎంటూఎం సిమ్‌లు మామూలు దుకాణంలోనే ఇవ్వాలి. అన్నిటికంటే ముందు చేయవలసింది, ఖర్చు లేనిది ఒకటుంది: గడువు ముగుస్తోందన్న హెచ్చరిక పెట్టెలోని సిమ్‌కు కాక యజమాని ఫోన్‌కు రావాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, సిమ్ ఇచ్చేటప్పుడు రెండో నంబరు రాసుకుంటే చాలు. సబ్సిడీ మీద పరికరాలు ఇప్పించే అధికారులు కూడా పరికరంతో పాటు సిమ్ ఎవరి పేరున ఉంది, ఎప్పటివరకు బతికి ఉంటుంది అన్నది రికార్డులో రాయించాలి.

ఈలోగా తోటి రైతులకు, వ్యాపారులకు నేను చేస్తున్నది చెబుతాను. ప్రతి పెట్టె మూత లోపల రీచార్జి గడువు తేదీని మార్కరుతో రాసి పెట్టాను. నెలలో ఒకటో తేదీన, పదిహేనో తేదీన పగటిపూట మెయిన్ స్విచ్ దించి, మూడు ఫోన్లూ మోగేదాకా గట్టు మీదే నిలబడుతున్నాను. దీపం వెలుగుతోందా లేదా అని చూడటం మానేశాను.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు,
ఆకివీడు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా