సిద్ధాంతం బ్రిడ్జి మీద నా చెయ్యి పట్టుకున్న పూలావిడకి

మొన్న రావులపాలెంలో పాలకొల్లు బస్సెక్కానండి, గోదావరి మీదున్న సిద్ధాంతం ఊరి బ్రిడ్జి మీదకి రాగానే గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది, చేతివేళ్లు తిమ్మిరి, పెదాల చుట్టూ జుమ్మని, ఊపిరి ఎంత పీల్చినా చాలట్లేదు, అయిపోయాన్రా బాబూ అనుకున్నా. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే వస్తే ఈసీజీ నార్మల్, ప్యానిక్ ఎటాక్ అన్నారు. తెలుసు. తెలిసినా ఆ టైంలో బుర్ర నమ్మదు కదా!

పక్కన ఒడిలో పూలబుట్ట పెట్టుకుని ఓ పెద్దావిడ. ఏమీ అడగలేదు. తడి గోనెపట్టా తీసి ఓ బంతిపువ్వు నా అరచేతిలో పెట్టి "రేకలు లెక్కెట్టమ్మా, ఊపిరి వేడి టీ ఊదినట్టు మెల్లిగా వదులు" అంది. చల్లటి పువ్వు, ఆ ఘాటు వాసన. ముప్ఫై దాకా లెక్కెట్టి తప్పిపోయా, మళ్లీ మొదలెట్టా, పెనుగొండ వచ్చేసరికి వేళ్లు మామూలైపోయాయి. గబగబా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఆ తిమ్మిరి వస్తుందని డాక్టర్ గారు ఎప్పుడో చెప్పారు, ఆవిడకి అదెలా తెలుసో మరి.

మార్టేరులో దిగిపోయారు, పేరు కూడా అడగలేదు నేను. మీ పువ్వుకి డబ్బులు కూడా ఇవ్వలేదు పిన్నిగారూ. చాలా థాంక్సండి.