పారిష్ కౌన్సిల్ (ఊరి స్థానిక పాలక మండలి) ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

ఛైర్మన్ గారూ,

ఇంగ్లండ్‌లోని ఈ చిన్న ఊరికి మేం వచ్చి ఆరేళ్లయింది. బస్టాప్ పక్కన నోటీసు బోర్డు రోజూ చూస్తాను, అద్దం లోపల చెమ్మపట్టి డిసెంబరు నాటి కాగితం ఒక్కటే వేలాడుతోంది. కౌన్సిల్ మీటింగుకి కనీసం మూడు పూర్తి రోజుల ముందు ఊళ్లో నోటీసు పెట్టాలని 1972 స్థానిక ప్రభుత్వ చట్టంలోనే ఉంది కదండీ! పిల్లల ఊయలలు తీసేస్తున్నారన్న సంగతి మాకు తెలిసింది తీసేశాకే. గొలుసుల్లేని ఇనుప చట్రం కింద నిలబడి మా పాప "ఎక్కడికెళ్లాయి నాన్నా" అంటే నాకు నోట మాట రాలేదు.

ఇంటి మీద వేసే కౌన్సిల్ ట్యాక్స్‌తో కలిపి మీ ప్రిసెప్ట్, అంటే మీ కౌన్సిల్‌కి వెళ్లే వాటా, కడుతున్నది మేమే. జూన్ 1 లోపు జరగాల్సిన ఊరి వార్షిక సభ తేదీ ఈ వారమే బోర్డు మీద పెట్టండి, ఊయలల విషయం మొదట తీసుకోండి. నేను వస్తాను, వీధిలో అందరికీ చెప్పి తీసుకొస్తాను.