యార్క్ వెళ్తే బార్లీ హాల్ కూడా చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీలో ఇంగ్లండ్ ట్రావెల్ ఆర్టికల్ బాగుందండీ, కానీ యార్క్ అనగానే మిన్‌స్టర్ చర్చి, కోట గోడలు చెప్పి వదిలేశారు. ఆ చర్చికి దగ్గర్లోనే స్టోన్‌గేట్ వీధి పక్క సందులో బార్లీ హాల్ అనే పాత ఇల్లు ఉంది, ఆరేడు వందల ఏళ్ళ క్రితం ఊళ్ళో డబ్బున్నవాళ్ళు ఎలా బతికారో తెలియాలంటే చూడాల్సింది అదే.

1360 ప్రాంతంలో నాస్టెల్ అనే క్రైస్తవ మఠం వాళ్ళు యార్క్ పనుల మీద వచ్చినప్పుడు ఉండటానికి దీన్ని కట్టుకున్నారు, వందేళ్ళ తర్వాత విలియం స్నాసెల్ అనే కంసాలి అద్దెకున్నాడు, ఆయన ఊరికి మేయర్ కూడా చేశాడు. ఇల్లంతా ఓక్ చెక్క చట్రమే. ఒక దూలం కొస చెక్కి ఇంకోదాని చిల్లులో దూర్చి చెక్కమేకు కొట్టేవాళ్ళు, అందుకే దూలం పోయినా ఆ చిల్లు చూసి అక్కడ ఏముండేదో వడ్రంగులు చెప్పగలరు. ఒక కిటికీకైతే గాజు బదులు పల్చగా చేసిన పశువుల కొమ్ము రేకులు పెట్టారు, వెలుతురు వస్తుంది కానీ బయటిది కనపడదు!

తర్వాత ఇల్లు ముక్కలు ముక్కలుగా పంచేసి వర్క్‌షాపులు పెట్టారు, హాల్ చివర నడవా కాస్తా జనం నడిచే అడ్డదారైపోయింది. 1980ల్లో కూల్చేద్దామనుకున్నాక గానీ ఆ గోడల వెనక ఇంత పాత ఇల్లుందని బయటపడలేదు. 1987లో యార్క్ ఆర్కియలాజికల్ ట్రస్ట్ కొని, బాగు చేసి, 1993లో తెరిచింది.

ఆ ఇంట్లో ఇప్పుడున్నది చాలావరకు కొత్త చెక్కే కదా, ఇంక పాత ఇల్లెలా అవుతుంది అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మిగిలిన నాలుగు దూలాలు అద్దాల పెట్టెలో పెడితే పిల్లలకి ఏం అర్థమవుతుంది, ఇక్కడైతే కుర్చీల్లో కూర్చోవచ్చు, సామాను పట్టుకుని చూడొచ్చు, తాళ్ళు కట్టి దూరం పెట్టరు.

వచ్చేవారం రెండో భాగం ఉందన్నారు కాబట్టి అందులో ఇంగ్లండ్‌లోనే ఉన్న సౌతాంప్టన్ ఊళ్ళో ఫ్రెంచ్ స్ట్రీట్‌లో వైన్ వ్యాపారి జాన్ ఫోర్టిన్ 1290 ప్రాంతంలో కట్టిన ఇంటి గురించి కూడా వేయండి. కింద వైన్ దాచే సెల్లార్, వీధి వైపు షాపు, వెనక కాపురం, రెండో ప్రపంచయుద్ధం బాంబులు పడ్డాకే దాని అసలు వయసు తెలిసింది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు చాలామంది మీ పేపర్ ఆన్‌లైన్‌లో చూస్తారు, వాళ్ళైనా వెళ్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు