బొల్లారం పారిశ్రామికవాడ పక్కనున్న మా కాలనీ తరఫున అందరికీ దండాలు

కాలనీ వెనక ఖాళీ ప్లాట్లలో ఎవరో పారేసి పోయిన కెమికల్ డ్రమ్ములన్నీ ఎట్టకేలకు పోయిన వారం దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లిపోయాయి. కింద నానిన మట్టి కూడా తవ్వి తీసుకెళ్లారు. బోరు నీళ్లు మాత్రం ఇప్పట్లో బాగయ్యేలా లేవు, తాగడానికి ట్యాంకరే గతి. అయినా ఇంతదాకా రావడానికి తలా ఓ చెయ్యేసినవాళ్లకు థ్యాంక్స్ చెప్పాలి. చాలామంది పేరు రాయొద్దన్నారు. ఎందుకో ఈ చుట్టుపక్కల ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ముందుగా కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరైన మా మేడమ్ గారికి. శాంపిల్ పట్టడం నేర్పింది ఆవిడే. సాల్వెంట్లు, అంటే ఫ్యాక్టరీల్లో వేరే పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాలు, ఇట్టే ఆవిరైపోతాయి కాబట్టి గాజు సీసా కావాలి, బోరు కాసేపు వదిలాక అంచుదాకా నింపాలి, మూత కింద గాలి బుడగ కూడా ఉండకూడదు. సీసాను తలకిందులు చేసి వెలుతురులో చూసి, చిన్న బుడగ కనిపించినా పారబోయించి మళ్లీ పట్టించేవారు. తారీఖు, టైము, ఇంటి నంబరు రాసిన చీటీ అంటించి ఐస్‌పెట్టెలో పెట్టాకే ల్యాబుకు. రిపోర్టులో టోల్యూన్ అనే సాల్వెంట్ పేరు చూశాక, "ఇది చూపించి కాలుష్య నియంత్రణ బోర్డు వాళ్లను రప్పించండి. 1974 నీటి చట్టం ప్రకారం వాళ్లు నోటీసిచ్చి పట్టిన శాంపిలే కేసులో నిలబడుతుంది" అన్నది కూడా ఆవిడే.

తర్వాత ఓ ట్యాంకర్ డ్రైవర్ అన్నకు. ఇలాంటి సరుకు మోసే బండిలో మ్యానిఫెస్ట్ అనే కాగితం ఉండాలని, ఏ ఫ్యాక్టరీది, ఎక్కడికి పోవాలి అన్నీ అందులో రాసుంటాయని మాకు చెప్పాడు. ప్రమాదకర వ్యర్థాల 2016 రూల్స్‌లో ఉన్న మాటే, కానీ మాలో ఎవరికి తెలుసు? నంబర్ ప్లేటుకు మట్టి పూసుకుని అర్ధరాత్రి వచ్చిన బండిని మా అక్కలు రోడ్డుకు అడ్డంగా కుర్చీలేసుకుని ఆపి ఆ కాగితమే అడిగారు. డ్రైవర్ కిందికి కూడా దిగకుండా రివర్స్ గేరేశాడు. ఆ ఫోన్ వీడియోనే తర్వాత ఫిర్యాదుకు ప్రాణమైంది.

ఫ్యాక్టరీల్లో పనిచేస్తూ కూడా మా వెంట నిలబడ్డవాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. "కంపెనీ మూతపడితే మేమేం తినాలి?" అని వాళ్లింట్లో రోజూ గొడవే. మూసేయమని మేమెప్పుడూ అనలేదు, చెత్త ఎక్కడికి పోవాలో అక్కడికి పంపమన్నాం. ఈ మాట కాగితం మీద స్పష్టంగా రాయించింది వాళ్లే. అలా రాయకపోతే మా అర్జీ మీద సగం ఇళ్లవాళ్లు సంతకం పెట్టేవాళ్లు కాదు.

ఇక పటాన్‌చెరు నుంచి వచ్చిన పెద్దమనుషులు. నక్కవాగు నీళ్లు పాడై పంటలు పోగొట్టుకున్న ఊళ్లవాళ్లు, ఆ కాలుష్యం మీద పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారితో కలిసి తిరిగినవాళ్లు. వాళ్ల కేసు 1990లో సుప్రీంకోర్టులో పడి, 2001లో హైకోర్టుకు, 2013లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పు దాకా వచ్చింది. అంత కాలం నడిచినవాళ్లు మా దగ్గర ఉపన్యాసాలేం ఇవ్వలేదు. గుడ్డసంచిలోంచి పాత కాగితాలు తీసి, ప్రతి అర్జీ మీదా ఆఫీసు రిసీవ్డ్ ముద్ర ఎక్కడుందో వేలితో చూపించారు. "ముద్ర పడకపోతే నువ్వు ఇయ్యనట్టే బిడ్డా" అన్నారు. నిజం చెప్పాలంటే మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ ఒక్క మాటే.

పైసా తీసుకోకుండా అర్జీ రాసిచ్చిన వకీలు సారుకు, మట్టి తవ్వుతున్నప్పుడు వాసనకు తట్టుకోలేని ముసలివాళ్లను పగలంతా తమ ఇళ్లలో ఉంచుకున్న పక్క వీధి వాళ్లకు, జిరాక్సులకు డబ్బులు పుచ్చుకోని షాపు తమ్ముడికి కూడా చాలా చాలా థ్యాంక్స్.

గాజు సీసాలు కొన్ని మేడమ్ దగ్గర మిగిలాయి. చుట్టుపక్కల ఏ కాలనీలో బోరు నీళ్లు వాసనొస్తున్నా వచ్చి తీసుకెళ్లండి, ఎలా పట్టాలో ఆవిడే దగ్గరుండి చూపిస్తానన్నారు.